భయం ఆడపిల్లది, లాభం కంపెనీది

కట్నం చావులు, గృహహింస, ఇళ్లల్లో పనిచేసేవాళ్ల జీతాలు, బస్తీల్లో నీళ్ల కరువు ఇన్ని వుండగా, వీడియో గేముల ఆధారంగా తీసిన దెయ్యాల సినిమాల గురించి, అందులోనూ వాటి రెండో మూడో భాగాల గురించి, హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మొదటిది బాగుంది, రెండోది తుస్సుమంది అని వాపోవడం కాలేజీ కుర్రవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనిపిస్తుంది. కానీ ఆ రెండో భాగాలు ఎందుకు చెడిపోతున్నాయో విప్పి చూస్తే, మనం రోజూ తలపడుతున్న రాజకీయమే అందులో కనిపిస్తుంది. ఆడపిల్ల ఎందుకు భయపడుతోందన్న ప్రశ్నను చెరిపేసి, భయపడుతున్న ఆడపిల్ల శరీరాన్ని మాత్రం అమ్మకానికి పెట్టడమే ఆ రాజకీయం.

ఒకప్పుడు సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు సినిమా చూడాలంటే సంగీత్ థియేటర్‌కు వెళ్లాలి. టికెట్టుకు డబ్బు, కాస్తో కూస్తో ఇంగ్లీషు, ఇంట్లో అనుమతి మూడూ వుండాలి. ఆడపిల్లలకు మూడోది దొరికేది కాదు. ఇప్పుడు సంగీత్ లేదు. సినిమాయే ఇంటికొచ్చింది. బన్సీలాల్‌పేట ఇరుకు గదుల్లో, అన్నదో నాన్నదో ఫోను పదినిమిషాలు చేతికి దొరికినా, హాలీవుడ్ భూతాలూ జాంబీలూ తెలుగు మాట్లాడుతూ ప్రత్యక్షమవుతాయి. ఆట ఆడేది అన్న, అతని భుజం మీంచి తొంగిచూసేది చెల్లెలు. మనం నెలకోసారి పెట్టే కిశోర బాలికల సమావేశం కన్నా ఈ తెర ఎక్కువసేపు వాళ్లతో మాట్లాడుతోంది. అది ఏం చెబుతోందో మనం వినకపోతే ఎలా?

ఆటలో వున్నది, సినిమాలో పోయినది

ఈ ఆటలు ఎరగని పాఠకులకు నాలుగు మాటలు. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1996లో ‘రెసిడెంట్ ఈవిల్’, మరో జపాన్ కంపెనీ కొనామి 1999లో ‘సైలెంట్ హిల్’ తెచ్చాయి. మామూలు ఆటల్లో ఆడేవాడు వీరుడు, ఎదుటివాళ్లను చంపుకుంటూ పోతాడు. ఈ రెండింటిలో అలా కాదు. చీకటి, చేతిలో నాలుగే తూటాలు, తలుపవతల ఏముందో తెలియదు. ఆడేది మగపిల్లవాడైనా సరే, రాత్రిపూట ఖాళీ వీధిలో ఒంటరిగా నడిచే ఆడమనిషి వీపు మీద పాకే భయం ఎలా వుంటుందో అతనికి కొంతైనా తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆ భయానికి ఒక కారణం వుంటుంది. ఒకదాంట్లో మనుషుల మీద ప్రయోగాలు చేసే మందుల కంపెనీ. రెండోదాంట్లో ఒక పసిపిల్లను దేవుడి పేరుతో కాల్చిన మతమూక. ఆడేకొద్దీ ఆ కారణం దగ్గరికి వెళతాం.

బన్సీలాల్‌పేట మెట్లబావి సంగతి అందరికీ తెలుసు. దశాబ్దాల తరబడి చెత్తతో పూడిపోయి, తవ్వి బాగుచేసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. మన సినిమావాళ్లయితే అలాంటి పాడుబావిలోంచి జుట్టు విరబోసుకున్న ఒక ఆడదెయ్యాన్ని పైకి లేపేవాళ్లు. నిజంగా తవ్వినప్పుడు వచ్చింది దెయ్యం కాదు, మనుషులు పోసిన చెత్త. మంచి భయానక కథ చేసేది ఆ తవ్వకమే. ఊరు దేన్ని పూడ్చిపెట్టిందో బయటికి తీస్తుంది. చెడ్డ సీక్వెల్ ఆ గోతిని మళ్లీ పూడ్చి, దాని మీద లైట్లు పెట్టి, టికెట్లు అమ్ముతుంది.

మగవాళ్లేరీ అన్నారు

2006లో క్రిస్టోఫ్ గాన్స్ ‘సైలెంట్ హిల్’ను సినిమాగా తీశాడు. ఆటలో కూతుర్ని వెతికేది తండ్రి. సినిమాలో తల్లి. ఆమెకు తోడుగా వచ్చేది ఒక పోలీసు ఉద్యోగిని. కథ మధ్యలో వున్నది తండ్రి ఎవరో తెలియని అలెస్సా అనే పిల్ల. బడిలో తోటిపిల్లలు ఏడిపించారు, బడి పనివాడు చెరిచాడు, ఊరి మతపెద్దలు మంత్రగత్తె అని నిప్పు పెట్టారు. బాణామతి చేస్తోందని పళ్లూడగొట్టిన, తగలబెట్టిన వార్తలు చదివిన తెలంగాణ స్త్రీకి ఈ కథ పరాయిది కాదు. ఆ సినిమాలో లోపాలు లేవని కాదు. కానీ దెయ్యం ఎలా పుట్టిందంటే ఊరే పుట్టించిందని అది నిక్కచ్చిగా చెప్పింది. అంతమాత్రానికే, ఈ కథలో మగవాళ్లే లేరేమిటని స్టూడియో నుంచి అభ్యంతరం వచ్చిందని, అందుకే భర్త పాత్రను పెంచాల్సి వచ్చిందని దర్శకుడే చెప్పాడు. వందల సినిమాల్లో ఆడవాళ్లు లేనప్పుడు ఎవరికీ రాని అనుమానం ఒక్క సినిమాలో మగవాళ్లు తగ్గగానే వచ్చింది!

2012లో వచ్చిన రెండో భాగం ‘సైలెంట్ హిల్: రివిలేషన్’ ఆ అభ్యంతరానికి తలవంచిన సినిమా. దీనికి ఆధారం 2003 నాటి మూడో ఆట. ఆ ఆటలో హెదర్ అనే పదిహేడేళ్ల పిల్ల వుంటుంది. తన ప్రమేయం లేకుండా తన కడుపులో మతమూక తాలూకు ‘దేవుడు’ పెరుగుతున్నాడని ఆమెకు తెలుస్తుంది. ఆమె ద్వేషమే ఆ పిండానికి తిండి. అందుకని కావాలనే ఆమెను గాయపరుస్తారు, తండ్రిని చంపుతారు. చివరికి ఆమె మందు మింగి ఆ పిండాన్ని కక్కేస్తుంది. నీ కడుపు నీది కాదు, మా దేవుడిది అన్నవాళ్లకు ఒక పిల్ల చెప్పిన జవాబు అది. అత్యాచారానికి గురైన మైనర్ బాలికలు గర్భస్రావం కోసం కోర్టు మెట్లెక్కి, వారాలు లెక్కపెట్టించుకునే దేశం మనది. 2021 చట్ట సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచిన తర్వాత కూడా ఆ తిప్పలు తప్పలేదు. ఇంతకన్నా మనకు దగ్గరి కథ ఏముంటుంది?

సినిమా ఏం చేసింది? ఆ గర్భాన్ని తీసేసింది. ఆటలో మతమూక పూజారిగా వున్న విన్సెంట్‌ను అందమైన ప్రియుడిగా మార్చింది. తండ్రిని బందీని చేసి, ఆ పిల్లకు తన శరీరం గొడవ లేకుండా నాన్నను విడిపించే పని అప్పజెప్పింది. మొదటి భాగంలో కథ నడిపిన తల్లిని పొగమంచులో వదిలేసింది. ఆఖరి పోరు కూడా ఆ పిల్లది కాదు. పిరమిడ్ హెడ్ అనే భూతం ఆమె తరఫున దిగి మరో భూతాన్ని నరుకుతాడు, ఆమె నిలబడి చూస్తుంది.

ఈ పిరమిడ్ హెడ్ ఎవరో తెలిస్తే ఇంకా మండుతుంది. 2001 నాటి రెండో ఆటలో జేమ్స్ అనే మగవాడు జబ్బుపడ్డ భార్యను తన చేతులతో చంపి, ఆ సంగతి తనకు తానే దాచుకుని తిరుగుతుంటాడు. ఆ పాపం రూపం కట్టి వెంటపడటమే ఈ భూతం. భార్యను చంపిన మగవాడి నేరభావన అది. ‘పాపం, ఆమె బాధ చూడలేక’ అన్న సాకును ఆ ఆట వదల్లేదు, ఆడేవాడి చేత ఆఖరుకు నిజం ఒప్పించింది. సీక్వెల్‌లో ఆ నేరమే రక్షకుడై వచ్చింది. భార్యను చంపిన చెయ్యి ఆడపిల్లకు కాపలా కాస్తుంది. పంచాయితీల్లో మనం వినే మాట ఇదే కదా? కొట్టినవాడే దిక్కు, సర్దుకుపొమ్మని.

మొహం లేని నర్సులు

ఈ సినిమాల్లో నర్సులుంటారు. మొహాలుండవు. కురచ యూనిఫారాలు, బిగుతు రవికెలు, మెలికలు తిరిగే నడుములు. రెండో ఆటలో వాళ్లు జేమ్స్ మనసులోని అపరాధానికి, అణచుకున్న కోరికకు రూపాలు. అంటే మగవాడి చూపు ఎలాంటిదో ఆ ఆట వేలెత్తి చూపింది. సినిమాల్లో జేమ్స్ లేడు. మరి ఆ నర్సులెందుకు? పోస్టరుకు పనికొస్తారు గనక. మగవాడి చూపు మీద చేసిన విమర్శను, మగవాడి చూపుకు పెట్టిన విందుగా మార్చేశారు.

బన్సీలాల్‌పేటకు కూతవేటు దూరంలో గాంధీ ఆస్పత్రి వుంది. 2020లో కరోనా రోగులకు అదే పెద్ద దిక్కయినప్పుడు, అక్కడ ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగారు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఆటో ఎక్కే నర్సు మీద పడే వెకిలిమాట గాలిలోంచి పుట్టదు. మొహం తీసేసి శరీరం మిగిల్చిన బొమ్మలు వంద చూశాక పుడుతుంది. ఎవరో పరాయిదేశపు దర్శకుడు గీసిన నర్సుకూ మన నర్సుకూ సంబంధమేమిటంటే, ఇద్దరినీ చూసే కళ్లు ఒకటే కావడం.

కంపెనీ ఎటు పోయింది?

‘రెసిడెంట్ ఈవిల్’ మొదటి సినిమా 2002లో వచ్చింది. 2016 నాటికి ఆరు. ఆరూ కలిపి నూట ఇరవై కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి. ఆటలోని జిల్, క్లెయిర్ అనే స్త్రీ పాత్రలను పక్కకు నెట్టి, సినిమావాళ్లు ఆలిస్ అనే కొత్త నాయికను తెచ్చారు. ఆలిస్ కొడుతుంది, కాలుస్తుంది, గోడల మీద పరుగెత్తుతుంది. మన పిల్లలకు ఆమె అంటే ఇష్టం. ఆ ఇష్టాన్ని నేను ఎగతాళి చేయను. ఎదురుతిరిగి కొట్టే ఆడదాన్ని చూసినప్పుడు కలిగే ఆనందం చిన్నదేం కాదు, మన పిల్లలకు అది దొరికేదే అరుదు. కానీ ఆమె ఎవర్ని కొడుతోంది?

ఆట మొదలైంది ఒక మందుల కంపెనీతో. దాని పేరు అంబ్రెల్లా. లాభం కోసం మనుషుల మీద ప్రయోగాలు చేసి, బయటపడ్డాక జనాన్నే పూడ్చేసే కంపెనీ. ఇది మనకు కట్టుకథా? 2009లో ఖమ్మం జిల్లాలో పదినుంచి పద్నాలుగేళ్ల వయసున్న సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో ఎందరో హాస్టళ్లలో వుండి చదువుకునే ఆదివాసీ, దళిత పిల్లలు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి చేపట్టిన కార్యక్రమం అది. కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం అంది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టారు. మహిళా సంఘాలు పట్టుబట్టాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తతంగాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అనుమతి అడగకుండా పేదపిల్ల చేతికి సూది గుచ్చగలిగే వ్యవస్థ ఎంత భయంకరమైనదో మనం కళ్లారా చూశాం.

సినిమాలు ముందుకు సాగేకొద్దీ ఆ భయం పలచబడింది. కంపెనీ అంటే లెక్కలు, లాయర్లు, అనుమతులు, మౌనంగా వుండే ప్రభుత్వం. అవన్నీ కరిగిపోయి చివరికి ఒకరిద్దరు విలన్లు మిగిలారు. వాళ్లు చస్తే పీడ విరగడ. ఆలిస్ ఎంత గట్టిగా తన్నినా ఆ దెబ్బ వ్యవస్థకు తగలదు. ఐదో భాగానికి ఆలిస్‌కే నకళ్లు తయారుచేసి వాడుకోవడం కథయింది. సినిమా కంపెనీ కూడా సరిగ్గా అదే చేస్తోందని ఆ సినిమాకు తోచినట్టు లేదు.

తెరవెనక ఇంకో స్త్రీ వుంది. ఒలీవియా జాక్సన్, స్టంట్ కళాకారిణి. ఆరో భాగం ‘ద ఫైనల్ చాప్టర్’ షూటింగు దక్షిణాఫ్రికాలో జరుగుతుండగా, 2015 సెప్టెంబరులో కథానాయిక మిల్లా జోవోవిచ్‌కు బదులుగా ఆమె మోటారుసైకిల్ నడిపింది. ఎదురుగా వస్తున్న వాహనానికి బిగించిన కెమెరా క్రేను పైకి లేవాల్సిన క్షణంలో లేవలేదు. రెండు వారాలకు పైగా కోమా. ఎడమచేయి తీసేశారు. అదే సినిమా పనిలో ఒక కార్మికుడు వాహనం కింద నలిగి చనిపోయాడు. సినిమా మాత్రం 30 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. ఆమె కోర్టుల్లో పోరాడితే, ఆ స్టంటు నిర్వహణలో నిర్లక్ష్యం జరిగిందని 2020లో దక్షిణాఫ్రికా హైకోర్టు తేల్చింది. ‘బలమైన స్త్రీ’ అని పోస్టరేసి అమ్మింది ఎవరి బలాన్ని? తెర మీద చావులేని ఆలిస్‌ను నిలబెట్టిన శరీరానికి రక్షణ లేదు. స్త్రీ శ్రమ కనిపించదు అని మనం ఇంటిపని గురించి అంటుంటాం. ఇక్కడ వందల కోట్లు పెట్టి తీసిన సినిమాలో, పెద్ద తెర మీద కూడా కనిపించలేదు.

మనవాళ్లు చేసింది

హాలీవుడ్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే చాలదు. తెలుగులో వీడియో గేమ్ ఆధారంగా పేరున్న దెయ్యాల సినిమా ఏదీ రాలేదు గానీ, వీడియో గేమ్ నుంచి నేర్చుకున్న సినిమా ఒకటి వచ్చింది. 2019లో అశ్విన్ శరవణన్ తెలుగు, తమిళ భాషల్లో తీసిన ‘గేమ్ ఓవర్’. తాప్సీ పోషించిన స్వప్న వీడియో గేములు తయారుచేసే ఉద్యోగిని, అత్యాచారానికి గురై బతికిన మనిషి. చీకటంటే వణుకు. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ శరీరం మళ్లీ అదే బాధ పడుతుంది. ఆటలో మూడు ప్రాణాలుంటాయి, పోతే మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ సినిమా ఆ నియమాన్ని తీసుకుని, దెబ్బతిన్న స్త్రీ మళ్లీ మళ్లీ లేవడంగా మార్చింది. చక్రాల కుర్చీలో వున్న ఆమెకు ఆసరాగా నిలిచేది ఇంట్లో పనిచేసే కాలమ్మ. వాళ్లిద్దరి మధ్య యజమాని, పనిమనిషి అన్న దూరం పూర్తిగా చెరగకపోయినా, ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డుపడతారు. అత్యాచారాన్ని తెర మీద ప్రదర్శనకు పెట్టకుండానే దాని బరువు చెప్పింది. ఆటను సినిమాగా మార్చడమంటే భూతాల బొమ్మలు ఎత్తుకురావడం కాదు, ఆట ఇచ్చే అనుభవాన్ని తేవడమని అర్థం చేసుకున్నవాళ్లు మన దగ్గరే వున్నారు.

మరి సీక్వెల్ జబ్బు? అదీ మన దగ్గరే వుంది. 2022లో ‘ఓదెల రైల్వేస్టేషన్’ వచ్చింది. కొత్త పెళ్లికూతుళ్లను చెరిచి చంపే హంతకుడు ఎవరో కాదు, తన భర్తేనని రాధ తెలుసుకుంటుంది. తనే అతన్ని నరికి, ఆ తలతో పోలీసుస్టేషన్‌కు వస్తుంది. చట్టం చేతుల్లోకి తీసుకోవడం సరే అని నేననను. కానీ నేరాన్ని ఇంటి గడప లోపల చూపింది, మొగుడు కదా అని దాచని భార్యను చూపింది. 2025లో వచ్చిన ‘ఓదెల 2’లో ఆ భర్త ప్రేతమై తిరిగొస్తాడు. రాధ జైల్లో కూర్చుంటుంది. ఊరిని కాపాడటానికి ఆమె అక్క నాగసాధువై వస్తుంది, కడకు శివుడే దిగివస్తాడు. మొదటి భాగంలో అత్యాచారం మగవాడు చేసిన నేరం. రెండో భాగంలో అది ప్రేతం పట్టడం వల్ల జరిగే కీడు. నేరానికి ఎఫ్.ఐ.ఆర్. వుంటుంది, సాక్ష్యం వుంటుంది, శిక్ష వుంటుంది. కీడుకు కావలసింది పూజ. స్టేషన్‌లో కేసు రాయించడానికి మనం పడే అవస్థ తెలిసినవాళ్లకు ఈ మార్పు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కర్లేదు. సైలెంట్ హిల్‌లో పిరమిడ్ హెడ్ చేసిన పనే ఓదెలలో దైవం చేసింది. ఆడదాని చేతిలోని నిర్ణయాన్ని తీసుకెళ్లి బలమైన మరొకరి చేతిలో పెట్టింది.

‘సినిమాను సినిమాలా చూడాలి’ అని మనకు సుద్దులు చెప్పేవాళ్లుంటారు. అభిమానులకు నిరాశ కలిగించింది కథ బలహీనత, గ్రాఫిక్స్, త్రీడీ మాయలే తప్ప స్త్రీల సమస్య కాదంటారు. కానీ కథ ఎక్కడ బలహీనపడిందో చూడండి. హెదర్ గర్భాన్ని తీసేసినచోట, కంపెనీని ఇద్దరు విలన్లుగా కుదించినచోట, రాధను జైల్లో పడేసినచోట. కారణం పోతే భయమూ పోతుంది. మిగిలేది అరుపులు, రక్తం, తడిబట్టలు. ‘రివిలేషన్’ మొదటి భాగం వసూళ్లలో సగం దగ్గరే ఆగిపోయింది. స్త్రీ కథను తీసేస్తే వ్యాపారం పెరుగుతుందన్న లెక్క కూడా తప్పేనన్నమాట.

మనం అడగాల్సినవి

నిషేధించమని నేను కోరడం లేదు. సెన్సారు కత్తెర మన చేతికి ఎప్పుడూ రాదు, వచ్చినా మొదట తెగేది మన కథలే. అశ్లీల పోస్టర్ల మీద తారు పూసిన రోజుల నుంచి మనం 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టాన్ని చేతబట్టుకుని పోరాడాం. ఆ చట్టం ఎంత చర్మం కనిపించిందో కొలుస్తుంది. ఎవరి భయాన్ని ఎవరు అమ్ముకున్నారో కొలవలేదు. ఆ కొలత మనమే తయారుచేసుకోవాలి.

బస్తీ సమావేశాల్లో ఆడపిల్లలతో ఈ సినిమాలు కలిసి చూడండి. చూడొద్దని చెప్పకండి, వాళ్లు ఎలాగూ చూస్తారు. చూశాక నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ భయాన్ని ఎవరు పుట్టించారు? దాన్ని ఆపే నిర్ణయం ఎవరిది? నష్టపోయిన ఆడమనిషికి పేరు, మొహం, మాట వున్నాయా? కథ అయ్యేసరికి నేరం చేసినవాళ్లకు శిక్ష పడిందా, లేక దేవుడి మీద తోసేశారా? పన్నెండేళ్ల పిల్ల కూడా వీటికి జవాబు చెప్పగలదు. మొదటి భాగానికీ రెండో భాగానికీ జవాబులు పక్కపక్కన రాయించండి, తేడా వాళ్లే చెబుతారు.

రెండోది, తెరవెనక పనిచేసే స్త్రీల సంగతి. సినిమా షూటింగు కూడా పనిస్థలమే. ప్రమాద బీమా, నష్టపరిహారం, ఫిర్యాదు కమిటీ అక్కడా వుండాలి. తెలుగు సినిమారంగంలో లైంగిక వేధింపుల మీద 2018లో స్త్రీలు రోడ్డెక్కితే 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. కేరళలో హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక, 2024 ఆగస్టులో, మన నివేదికను కూడా బయటపెట్టండని నటి సమంత అడగాల్సి వచ్చింది. తీసిన సినిమాకు రెండో భాగం తీయడానికి చూపే తొందరలో పదోవంతు, ఇచ్చిన నివేదికను అమలు చేయడంలో చూపితే చాలు.

మూడోది, కథలు. బస్తీలో, హాస్టల్లో, ఆస్పత్రి రాత్రి డ్యూటీలో మన పిల్లలు అనుభవించే భయాలను వాళ్ల చేతే రాయించండి, నాటికలు కట్టించండి. ఈ తరం పిల్లల్లో కంప్యూటర్ చదువుకునేవాళ్లున్నారు. రేపు ఆటలు తయారుచేసేది వాళ్లే కావచ్చు. ఆ ఆటలో చీకటి సందు బన్సీలాల్‌పేటదే కావచ్చు. అందులో నడిచే పిల్లకు మొహం వుండాలి, పేరుండాలి, ఆమెను భయపెట్టినవాడి పేరు కూడా బయటపడాలి.